చేయి ఎప్పుడు ఎత్తాలి? – అంపైరు బిల్ క్లెమ్ జీవితం

సంపాదక వర్గం వారు ఈ సంవత్సరపు సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు, మా సైన్సు విద్యార్థులలో ఒకరు రామన్‌ను, ఒకరు రామానుజన్‌ను, ఒక మిత్రురాలు మేడమ్ క్యూరీని ముందుగానే తీసేసుకున్నారు. నేను ఒక అంపైరును ఎంచుకున్నాను. విన్నవాళ్లు నవ్వారు. అంపైరుకు కూడా జీవితచరిత్ర ఉంటుందా, ఆట ముగిశాక అంపైరు పేరు ఎవరికి గుర్తుంటుంది అని అడిగారు. వారు అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. అయితే ఈ మనిషి కన్నుమూసి డెబ్బై ఏండ్లు దాటినా, బేస్‌బాల్ చరిత్ర వ్రాసేవారెవరూ ఆయన పేరు వదిలిపెట్టి వ్రాయలేరు. ఆయన పేరు బిల్ క్లెమ్. అమెరికా దేశస్థుడు. మన కళాశాలలో సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకు, ఆ మాటకొస్తే ఎక్కడైనా నలుగురి నడుమ న్యాయం చెప్పవలసి వచ్చే ఎవరికైనా, ఆయన జీవితం పనికి వస్తుందని నా నమ్మకం.

నాకు ఆయన పేరు ఎట్లా తెలిసిందో ముందు చెప్పాలి. అది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

పోయిన చలికాలం యాదగిరిగుట్టలో, కొండ మీది గోపురాలు కనిపించే ఒక మైదానంలో, మా జట్టుకూ పొరుగు కళాశాల జట్టుకూ స్నేహపూర్వకంగా ఒక ఆట జరిగింది. నాకు కుడి భుజం నొప్పిగా ఉండి బంతి విసరలేకపోయాను. ఫిజికల్ డైరెక్టర్ సారు ఊరికే కూర్చోవద్దని నన్ను బేసుల దగ్గర అంపైరుగా నిలబెట్టారు. ప్లేటు వెనుక అవతలి కళాశాల సీనియరు ఒకరు నిలబడ్డారు.

సాఫ్ట్‌బాల్‌లో ఏడు ఇన్నింగ్సులు. ఏడవ దానిలో అవతలి జట్టు బ్యాటింగు చేస్తున్నది. స్కోరు నాలుగు, నాలుగు. ఒకరు అవుటయ్యారు. రెండవ బేసు మీద ఒక రన్నరు, మూడవ బేసు మీద ఒక రన్నరు ఉన్నారు. బ్యాటరు కొట్టిన బంతి నేలబారుగా మా షార్ట్‌స్టాప్ వైపు వచ్చింది. సరిగ్గా అప్పుడే రెండవ బేసు నుండి ఉరికిన రన్నరు, మా వాని ముందు నుండి చొక్కా తగిలేంత దగ్గరగా పోయాడు. మా వాడు ఒక్క అడుగు ఆగిపోయాడు. తరువాత బంతిని అందుకొని తొందరలో మొదటి బేసుకు విసిరాడు. అది ఫీల్డరు తల మీదుగా ఎగిరి అవతల పడింది. మూడవ బేసు మీదివాడు ఇల్లు చేరాడు. ఆట గెలిచామని వాళ్లు ఎగురుతున్నారు. అప్పుడు, అప్పుడు మాత్రమే, నేను రెండు చేతులూ ఎత్తి ఇంటర్‌ఫియరెన్సు అని అరిచాను.

పరుగు రద్దయింది. అడ్డం వచ్చిన రన్నరు అవుటు. మూడవ బేసు వాడు తిరిగి మూడవ బేసుకు, బ్యాటరు మొదటి బేసుకు. తరువాతి బ్యాటరు క్యాచి ఇచ్చి అవుటయ్యాడు. అదనపు ఇన్నింగ్సులో మా జట్టు గెలిచింది. అవతలి పిల్లలు మేము తెప్పించిన చాయ తాగకుండానే బస్సెక్కారు. వాళ్ల కెప్టెను మాత్రం నా దగ్గరకు వచ్చి, కోపం లేకుండా, ఒక్క ప్రశ్న అడిగాడు. నేను ఆ అడ్డం రావడం ఎప్పుడు చూశానని. నాకు జవాబు రాలేదు.

సారు ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. మరునాడు మాత్రం బిల్ క్లెమ్ అనే అంపైరు గురించి దొరికినంత చదవమని చెప్పారు. చదివాను. చదివినకొద్దీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

ఆట తెలియని మిత్రుల కోసం నియమం రెండు ముక్కల్లో చెబుతాను. కొట్టిన బంతిని అందుకునే హక్కు ఫీల్డరుది. రన్నరు అతనికి దారి ఇవ్వాలి. దారి ఇవ్వక అడ్డమైతే అది ఇంటర్‌ఫియరెన్సు. కావాలని చేశాడా, పొరపాటున చేశాడా అన్నది అక్కడ లెక్కలేదు. అదే విసిరిన బంతి అయితే, కావాలనే అడ్డుపడ్డాడా అని చూడాలి. రన్నరు అడ్డమైన క్షణమే బంతి చచ్చినట్టు లెక్క. అందుచేత అంపైరు వెంటనే ఆట ఆపాలి. మిగిలిన రన్నర్లు ఆ క్షణానికి ఏ బేసు తాకి ఉన్నారో అక్కడికే పోవాలి. దీనికి ఎదురుది అబ్‌స్ట్రక్షను. బంతి చేతిలో లేని ఫీల్డరు రన్నరుకు అడ్డం రావడం అన్నమాట. దానికి అంపైరు ఎడమ చేయి పక్కకు చాచి, ఆటను సాగనిచ్చి, అది నిలిచాక న్యాయం చెబుతాడు. ఒకదానికి వెంటనే ఆపడం, మరొకదానికి ఓపిక పట్టడం. కాని చేయి లేవడం మాత్రం రెంటిలోనూ వెంటనే. ఇది గమనించదగిన సంగతి.

దీనిలో కష్టం ఎక్కడంటే కాలం దగ్గర. సాఫ్ట్‌బాల్‌లో బేసుల మధ్య దూరం 60 అడుగులు. బేస్‌బాల్‌లో అది 90 అడుగులు. పురుషుల ఆటలో పిచ్చరు నిలబడే చోటు నుండి ప్లేటుకు 46 అడుగులు. గంటకు 60 మైళ్ల వేగంతో వేసిన బంతి ఆ దూరాన్ని దాదాపు అర సెకండులో దాటుతుంది. మనిషి కన్ను చూసింది చేతికి అందడానికే సెకండులో అయిదవ వంతు పోతుంది. మిగిలిన కాలంలో చూడాలి, తలచాలి, తేల్చాలి. తొందరపడి చేయి ఎత్తితే, అడ్డం కానిది అడ్డమైపోతుంది. చచ్చిన బంతికి మళ్లీ ప్రాణం పోయలేము. ఆలస్యం చేస్తే, నాకు జరిగినట్టు, న్యాయం చెప్పినా అన్యాయంలాగ కనపడుతుంది. ఈ రెంటి నడుమ సన్నని గట్టు మీద నడిచిన మనిషి బిల్ క్లెమ్.

ఆయన 1874 ఫిబ్రవరి 22న న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరు పట్టణంలో పుట్టాడు. ఇంటి పేరు క్లిమ్. దాన్ని తరువాత తానే క్లెమ్ అని మార్చుకున్నాడు. జర్మను మూలాల సామాన్య కుటుంబం. సాఫ్ట్‌బాల్ అనే ఆట 1887లో షికాగోలో ఒక క్లబ్బు గదిలో సరదాగా మొదలైనప్పుడు ఆయనకు పదమూడేండ్లు. ఆయన మనసు మాత్రం బేస్‌బాల్ మీద ఉండేది. ఆటగాడు కావాలనుకున్నాడు. చేయి దెబ్బతిని ఆ ఆశ పోయింది. కొన్నాళ్లు మద్యం దుకాణంలో పని చేశాడు, కొన్నాళ్లు వంతెనలు కట్టే ఇనుప పనికి పోయాడు. ఇట్లా తిరిగి తిరిగి 1902లో కనెక్టికట్ లీగులో అంపైరుగా నిలబడ్డాడు. మరుసటి ఏడు న్యూయార్కు రాష్ట్ర లీగు, ఆ పై ఏడు అమెరికన్ అసోసియేషను, 1905లో పెద్ద పోటీలైన నేషనల్ లీగు. మూడేండ్లలో అడుగు నుండి కొసకు చేరాడు.

ఆ కాలంలో అంపైరు పని అంటే గౌరవమైన పని కాదు. చాలా ఆటలకు ఒక్కడే అంపైరు ఉండేవాడు. ఒక్క మనిషి రెండు కండ్లతో ప్లేటునూ మూడు బేసులనూ చూడాలి. ఆటగాళ్లు మీదికొచ్చేవాళ్లు, జనం సీసాలు విసిరేవాళ్లు. యజమానులు తమ జట్టుకు ఎదురు చెప్పినవాని ఉద్యోగం తీయించడానికి చూసేవాళ్లు. న్యూయార్కు జెయంట్సు జట్టు మేనేజరు జాన్ మెక్‌గ్రా అంటే మామూలు అంపైర్లకు హడలు. ఆయన ఒకసారి క్లెమ్‌ను ఉద్యోగం ఊడగొట్టిస్తానని బెదిరించాడట. తన ఉద్యోగాన్ని అంత తేలికగా ఊడగొట్టగలిగితే అటువంటి ఉద్యోగం తనకూ అక్కరలేదని క్లెమ్ నింపాదిగా జవాబు చెప్పాడని ఆ ఆట గురించి వ్రాసిన వారందరూ చెబుతారు.

క్లెమ్ చేసిన మొదటి పని, అంపైరు నిలబడే తీరు మార్చడం. అప్పటిదాకా చాలామంది రొమ్ముకు అడ్డంగా పెద్ద మెత్తలాంటి కవచం పట్టుకొని నిలబడేవారు. దాన్ని మోస్తూ వంగడం కష్టం. క్లెమ్ చొక్కా లోపల చిన్న కవచం తొడుక్కొని, బ్యాటరుకూ క్యాచరుకూ నడుమ సందులోకి వంగి, బంతి కంటి ఎదురుగా వచ్చేట్టు చూసేవాడు. చూడటానికి సరైన చోటు దొరికితే తీర్పులో సగం అయిపోయినట్టే. చేతి సంజ్ఞలతో దూరాన కూర్చున్న జనానికి కూడా తీర్పు తెలిసేటట్టు చేసిన తొలి అంపైర్లలో ఆయన ఒకడు. బంతులు తేల్చడంలో ఆయనకు సాటి లేరన్న పేరు వచ్చి, మొదటి 16 ఏండ్లు ఆయనను ప్లేటు వెనుకనే ఉంచారని చెబుతారు.

రెండవది, ఆయన కాలాన్ని వాడుకున్న తీరు. బంతి ప్లేటు దాటిన వెంటనే అరిచే అలవాటు ఆయనకు లేదు. చూసింది మనసులో ఒకసారి తిరగనిచ్చి, అప్పుడు చెప్పేవాడు. ఆ ఆలస్యానికి ఓర్వలేక అదేమిటో త్వరగా చెప్పమని గదమాయించిన ఆటగానితో, తాను నోరు తెరిచేదాకా అది ఏమీ కాదని ఆయన అన్నట్టు ఒక కథ ఆయన పేర ప్రచారంలో ఉంది. ఇది చదివినప్పుడు మా గుట్ట నరసింహస్వామి కథ గుర్తుకొచ్చింది. పగలూ కాదు, రాత్రీ కాదు. ఇంటి లోపలా కాదు, బయటా కాదు. గడప మీద, సంధ్యవేళ. అక్కడే తీర్పు జరిగింది. అంపైరు నిలబడే చోటు కూడా అటువంటి గడపే. ఇటా అటా తేలని ఆ ఒక్క క్షణం ఆయనదే.

మూడవది ఆయన గీత. వాదానికి వచ్చిన వాళ్లతో కొంతసేపు మాట్లాడి, ఇక చాలనుకున్నప్పుడు బూటు కొసతో మట్టిలో ఒక గీత గీసి, వెనుకకు తిరిగి నడిచి పోయేవాడు. ఆ గీత దాటిన వాడు ఆట నుండి బయటికే. మన లక్ష్మణరేఖ లాంటిది. ఆయన మొత్తం మీద రెండు వందల పైచిలుకు మందిని ఆట నుండి బయటికి పంపాడు. ఆయన పెదవులు చూసి ఎవరో క్యాట్‌ఫిష్ అని, అంటే మన జెల్లచేప లాంటిదని, పేరు పెట్టారు. ఆ మాట చెవిన పడితే మాత్రం ఆయన శాంతం పోయేది. ఇది ఆయన బలహీనతే. మహనీయుల జీవితాలు వ్రాసేటప్పుడు ఇటువంటివి దాచకూడదని నా అభిప్రాయం.

ఇక 1908 సంవత్సరం. ఆ ఏడు జరిగిన రెండు సంఘటనలు ఈ వ్యాసానికి గుండెకాయ వంటివి.

మొదటిది సెప్టెంబరు 23న న్యూయార్కులోని పోలో గ్రౌండ్సులో జరిగింది. అక్కడ అంపైరు క్లెమ్ కాదు, హ్యాంక్ ఓడే అనే పెద్దమనిషి. జెయంట్సుకూ షికాగో కబ్సుకూ ఆట. ఆఖరి ఇన్నింగ్సు, ఒకటి ఒకటి సమానం. ఇద్దరు అవుటు. మొదటి బేసు మీద ఫ్రెడ్ మెర్కిల్ అనే పిల్లవాడు. వయసు 19, అంటే నాకన్నా ఒక ఏడు చిన్న. మూడవ బేసు మీద ఇంకొకరు. బ్యాటరు బంతిని మధ్య మైదానానికి కొట్టాడు. మూడవ బేసు వాడు ఇల్లు చేరాడు. ఆట గెలిచిందని జనం మైదానంలోకి విరుచుకుపడ్డారు. మెర్కిల్ రెండవ బేసు తాకకుండానే బట్టలు మార్చుకునే గదివైపు తిరిగి ఉరికాడు. కబ్సు ఆటగాడు జానీ ఎవర్సు అది కనిపెట్టి, బంతి కోసం కేకలు వేసి, బేసు మీద నిలబడ్డాడు. ఆ రోజు ఆడని జెయంట్సు పిచ్చరు మెక్‌గినిటీ నడుమ వచ్చి బంతిని లాక్కొని జనంలోకి విసిరాడని చాలామంది వ్రాశారు. అది నిజమే అయితే అంతకన్నా పెద్ద ఇంటర్‌ఫియరెన్సు ఏముంటుంది? ఎవర్సు చేతికి చివరకు వచ్చిన బంతి అసలు బంతేనా అన్నది ఈనాటికీ తేలలేదు.

బేసుల దగ్గరి అంపైరు ఎమ్‌స్లీ, బంతి తగలకుండా పక్కకు తప్పుకోవడంలో మెర్కిల్‌ను చూడలేదు. ఓడే చూశాడు. మెర్కిల్ అవుటని, పరుగు చెల్లదని, జనం నిండిన మైదానంలో ఆట సాగదు కనుక సమానమని తేల్చాడు. ఓడే ఇది గాలికి చెప్పలేదు. అంతకు 19 రోజుల ముందు, సెప్టెంబరు 4న, పిట్స్‌బర్గులో అటువంటి సంఘటనే జరిగితే తాను గమనించలేకపోయానని ఒప్పుకున్నాడు. ఈసారి గమనించి తీరాలని కన్ను వేసి ఉంచాడు. ఒక తప్పు నుండి నేర్చుకొని ఆయన ఈ తీర్పు చెప్పాడు. అయినా లక్షల మందికి అది గెలిచిన ఆటను దొంగిలించినట్టు కనిపించింది. పాపం ఆ మెర్కిల్ పేరుకు తప్పు అనే మాట బ్రతికినంత కాలం అంటుకొని ఉంది.

క్లెమ్ ఈ తీర్పును ఒప్పుకోలేదు. అది ఆట చరిత్రలోనే చెడ్డ తీర్పని తరువాతి కాలంలో గట్టిగా చెప్పాడు. అటువంటి నియమం లోపలి మైదానంలో నేలబారు బంతుల కోసం పెట్టినదే గాని, తిరుగులేని దెబ్బకు గెలిచిన ఆటను తీసివేయడానికి కాదని ఆయన వాదన. నియమం అక్షరం ఓడే వైపు, ఉద్దేశం క్లెమ్ వైపు. ఇద్దరూ నిజాయితీపరులే. ఓడే 2013లో ప్రఖ్యాతుల సభలో, అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లో, చేరాడు. నాకు అర్థమయింది ఏమంటే, నిజాయితీ గల ఇద్దరు మనుషులు ఒకే దృశ్యం చూసి రెండు తీర్పులు చెప్పవచ్చు. అందులో అవమానం లేదు. అవమానం మరొకచోట ఉంది.

అది ఎక్కడుందో రెండవ సంఘటన చెబుతుంది. ఆ సమానమైన ఆట వల్ల ఏడాది చివర రెండు జట్లూ ఒకే మెట్టు మీద నిలిచాయి. అక్టోబరు 8న మళ్లీ ఆడి తేల్చుకోవాలి. అంపైర్లు క్లెమ్, జాన్‌స్టన్. ఆట ముందు ఒక మనిషి క్లెమ్ దగ్గరకు వచ్చి, జెయంట్సు గెలిచేటట్టు చూస్తే 2,500 డాలర్లు ఇస్తామని చేతిలో పెట్టబోయాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. మద్యం దుకాణంలో గ్లాసులు అందించిన చేయి, ఇనుప దూలాలు మోసిన చేయి ఆ డబ్బును తాకలేదు. ఇద్దరు అంపైర్లూ నిరాకరించి, తమ ఆట తాము నడిపి, సంగతి లీగుకు తెలియజేశారు. కబ్సు 4–2తో గెలిచారు. విచారణ జరిగింది. డబ్బు తెచ్చినవాడు జెయంట్సు జట్టు వైద్యుడని తేల్చి, ఆయన కాదంటున్నా, జీవితాంతం మైదానాలలో అడుగుపెట్టకుండా చేశారు. ఆ నెలలోనే క్లెమ్ మొదటిసారిగా ప్రపంచ పోటీల్లో అంపైరుగా నిలబడ్డాడు.

ఆ తరువాతి కథ పేరు ప్రఖ్యాతుల కథ కనుక త్వరగా చెబుతాను. 1908 నుండి 1940 వరకు ఆయన 18 ప్రపంచ పోటీల్లో నిలబడ్డాడు. ఆ లెక్కను ఇంతవరకు ఎవరూ దాటలేదు. 1933లో జరిగిన మొట్టమొదటి ఆల్‌స్టార్ ఆటలోనూ ఉన్నాడు. 37 ఏండ్లలో ఆయన నిలబడ్డ ఆటలు 5,375. దాన్ని 2021 మే 25న జో వెస్ట్ అనే అంపైరు దాటేదాకా ఎనభై ఏండ్లు ఆ లెక్క అట్లాగే ఉంది. తప్పులూ ఉన్నాయి. 1934 ప్రపంచ పోటీల సమయంలో ఒక ఆటగానితో మాటా మాటా పెరిగి, నోరు జారినందుకు 50 డాలర్ల జరిమానా కట్టాడు. మళ్లీ ఆ పోటీల్లో నిలబడటానికి ఆరేండ్లు పట్టింది. మైదానంలో మాత్రం తాను తప్పు చెప్పినట్టు ఏనాడూ ఒప్పుకోలేదు. మనసులో తాను ఒక్క తీర్పూ తప్పలేదని అంటుండేవాడు. అహంకారమని అందరూ అనుకున్నారు. నేనూ మొదట అట్లాగే అనుకున్నాను.

కాని 1941లో ఒక రోజు జరిగింది చదివాక నా అభిప్రాయం మారింది. అప్పటికి ఆయనకు 67 ఏండ్లు. ఒక ఆటలో బేసు దగ్గర బ్రూక్లిన్ ఫీల్డరు బిల్లీ హెర్మన్ ఒక రన్నరును బంతితో తాకాడు. క్లెమ్ అవుటని చెప్పాడు. రన్నరు కాదని కొట్లాడాడు. క్లెమ్ ఎప్పటిలాగే వెనుకకు తిరిగి నడిచాడు. నడుస్తూ నడుస్తూ ఒక సంగతి ఆయనకు తట్టింది. హెర్మన్ తాకాడని తాను అనుకుంటున్నాడు. తాకినట్టు తాను చూడలేదు. ఇన్నేండ్ల ఉద్యోగంలో చూడకుండా అనుకొని చెప్పిన తీర్పు అదే మొదటిది. ఆయనకు కండ్లలో నీళ్లు వచ్చినంత పనైంది. ఆ తీర్పు ఒప్పే కావచ్చు. ఎవరూ తప్పని ఋజువు చేయలేదు. అయినా ఆ ఏడుతో ఆయన మైదానం విడిచిపెట్టాడు. తరువాత నేషనల్ లీగు అంపైర్లకు పెద్దగా ఉండి కుర్రవాళ్లకు పని నేర్పాడు. 1951 సెప్టెంబరు 16న ఫ్లోరిడాలో కన్నుమూశాడు. 1953లో టామీ కొనొలీతో పాటు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అంపైర్లకు ఆ గౌరవం దక్కడం అదే ప్రథమం.

ఇప్పుడు ఇంటర్‌ఫియరెన్సుకు తిరిగి వద్దాం. క్లెమ్ పోయిన తరువాత కూడా ఈ తగాదా తీరలేదు. 1975 అక్టోబరు 14న ప్రపంచ పోటీల మూడవ ఆటలో, పదవ ఇన్నింగ్సులో, సిన్సినాటి బ్యాటరు ఎడ్ ఆర్మ్‌బ్రిస్టరు బంతిని మెల్లగా నేలకు తట్టి, పరుగు తీయబోతూ, బంతి కోసం ముందుకొచ్చిన బోస్టన్ క్యాచరు కార్ల్‌టన్ ఫిస్క్‌కు తగిలాడు. ఫిస్క్ విసిరిన బంతి గురి తప్పి మధ్య మైదానానికి పోయింది. ప్లేటు అంపైరు లారీ బార్నెట్ ఇంటర్‌ఫియరెన్సు కాదన్నాడు. తరువాత ఒక దెబ్బతో సిన్సినాటి 6–5తో గెలిచింది. బార్నెట్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అది ఒప్పా తప్పా అని ఈనాటికీ వాదించుకుంటారు. కాని గురి తప్పిన ఆ బంతి ఎక్కడ పడిందో చూసి ఆయన తన తీర్పు మార్చుకోలేదు. నేను చేయనిది ఆయన చేశాడు.

మా ఊర్లో గెట్టు పంచాయితీలు జరుగుతుంటాయి. రెండు చెలకల నడుమ రాయి జరిగిందని ఒకరు, జరగలేదని ఒకరు. మా నాయిన ఎప్పుడూ ఒక మాట చెబుతాడు. పెద్దమనిషి గెట్టు రాయి ఎక్కడుందో చూసి చెప్పాలె గాని, ఎవరి చేను బాగా పండిందో చూసి చెప్పొద్దని. నేను చిన్నప్పటి నుండీ విన్న మాటే. అర్థమైంది మాత్రం యాదగిరిగుట్ట మైదానంలో ఆట అయిపోయాక.

ఆలస్యం రెండు రకాలు. జరిగింది ఏమిటో తేల్చుకోవడానికి ఆగడం ఒకటి. దాని వల్ల ఎవరికి లాభమో తెలుసుకోవడానికి ఆగడం ఇంకొకటి. బయటికి రెండూ ఒకటే లాగ కనిపిస్తాయి. గడియారం పెట్టి కొలిచినా తేడా తెలియకపోవచ్చు. లోపల మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. మొదటిది క్లెమ్‌ది. రెండవది నాది. క్లెమ్ ఒప్పు కావచ్చునన్న తీర్పుకే మైదానం విడిచిపెట్టాడు, చూడకుండా చెప్పినందుకు. నేను చూసి కూడా చెప్పలేదు.

కనుక ఆ రోజు నన్ను ప్రశ్న అడిగిన పొరుగు కళాశాల కెప్టెను ఈ సంచిక చదివితే, ఇది అతనికి నా జవాబు. మీ రన్నరు అడ్డం వచ్చాడు. అది నిజం. నియమం ప్రకారం అతడు అవుటే. నేను దాన్ని అప్పుడే, మా షార్ట్‌స్టాప్ అడుగు ఆగిన క్షణమే, స్పష్టంగా చూశాను. చేయి ఎత్తలేదు. మా వాడు బంతిని సరిగ్గా విసిరి మీ బ్యాటరును అవుటు చేస్తే పోనీలే అనుకున్నాను. బంతి ఎగిరిపోయిన తరువాతే నా చేతులు లేచాయి. ఆట మా ఖాతాలోనే ఉన్నది. కాని ఆ చాయ మీరు తాగకుండా పోవడం న్యాయమే.

నా భుజం ఇప్పుడు నయమైంది. అయినా వచ్చే ఆటకు కూడా నన్ను అంపైరుగానే నిలబెట్టమని సారును అడిగాను. ఆయన సరేనన్నారు.